ఒంటి కేక

సాయంత్రం పాలు పితుకుతుండగా హేల్లె ఇంటి వైపు నుంచి కేక వినిపించింది. రాగ్నా చేతులు ఆగిపోయాయి. కేక కొండవాలు మీదుగా జారి, సరస్సు దాటి, అవతలి ఒడ్డు రాళ్ళకు తగిలి తిరిగొచ్చి అణిగిపోయింది. ఆమె రెండో గొంతు కోసం చెవి ఒగ్గింది. ఒగ్గానని తెలిసేసరికి తన మీద తనకే చిరాకు వేసింది. రెండో గొంతు ఎక్కణ్ణుంచి వస్తుంది? హల్వోర్ చనిపోయాడు. హేల్లె ఇంటి ధాన్యపు కొట్టంలో, ఇంకా రంగు ఆరని పెట్టెలో పడుకుని ఉన్నాడు.

ఆ లోయలో ఎవరు బీరు కాచినా గాబులో ఈస్టు వేసే క్షణాన గొంతెత్తి కేక వేస్తారు. నోరు మూసుకుని వేస్తే ఈస్టు నిద్ర లేవదని నమ్మకం. నమ్మకం లేనివాళ్ళు కూడా వేస్తారు. హేల్లె నుంచి ఎప్పుడూ రెండు కేకలు కలిసి వచ్చేవి. అన్న ఐలెవ్‌ది బొంగురుగా, తమ్ముడు హల్వోర్‌ది సన్నగా, చివర కాస్త పైకి లేస్తూ. ఇద్దరూ పెళ్ళి చేసుకోలేదు. ఒకే ఇంట్లో, ఒకే పొయ్యి దగ్గర ముసలివాళ్ళయ్యారు. ఇప్పుడు తమ్ముడి ఖననానికి వచ్చేవాళ్ళకి పొయ్యడానికి అన్న ఒక్కడే బీరు కాస్తున్నాడు.

అందులో పడిన ఈస్టు రాగ్నాది. అంతకుముందు రోజే ఐలెవ్ వచ్చి సీసాలో పట్టుకుపోయాడు. హల్వోర్ ఉన్నన్నాళ్ళూ అతనే వచ్చేవాడు. బ్రెక్కె అని పిలిచే రాగ్నా ఇంటి గుమ్మంలో టోపీ తీసి, "బ్రెక్కె మహారాణి ఈస్టు దానం చేస్తుందా?" అని అడిగేవాడు. ఐలెవ్ టోపీ తియ్యలేదు, ఏమీ అడగలేదు. సీసా తీసుకుని తలూపి వెళ్ళిపోయాడు.

ఆవు కాలు కదిపింది. రాగ్నా మళ్ళీ పొదుగు మీద చేతులు వేసింది.

పాల క్యానులు పెట్టే చెక్క అరుగు దగ్గర పొద్దున్నే పాల లారీ కోసం నిలబడటం లోయలోని వాళ్ళందరికీ ఉన్న పని. ఊళ్ళో కబుర్లన్నీ అక్కడే పుడతాయి. మూడో రోజు రాగ్నా తన క్యాను ఎక్కిస్తుంటే పొరుగింటి గూరో దగ్గరగా జరిగింది.

"విన్నావా? హేల్లె గాబులో నురగే లేదట."

"ఏమైంది?"

"ఏమో! దుప్పట్లు కప్పి, పసిబిడ్డకి జ్వరమొచ్చినట్టు పక్కనే కూర్చున్నాడట. పొయ్యి దగ్గరికి కూడా జరిపాడట. ఉలుకూ లేదు, పలుకూ లేదు. నిన్న పందులకి పోసేశాడు. వాటికి మాత్రం పండగే, తేనెలా ఉందట."

"పుల్లగా లేదా?"

"లేదంటున్నా కదా. తియ్యగా ఉందట. నువ్వేంటి, పందుల భోజనం గురించి అడుగుతావు?"

"మరి ఐలెవ్ ఏమంటున్నాడు?"

గూరో క్యాను మూత బిగించింది. బిగించిన మూతనే మళ్ళీ బిగించింది. "ఏమంటాడు. ఈస్టు చచ్చిపోయిందంటున్నాడు."

ఒక ఇంటి ఈస్టు చచ్చిందనడం ఆ లోయలో చిన్న మాట కాదు. ఇల్లు మురికిగా ఉందనొచ్చు, ఇల్లాలికి వంట రాదనొచ్చు, నవ్వి ఊరుకుంటారు. ఈస్టు తల్లి నుంచి వస్తుంది, ఆమె తల్లి నుంచి ఆమెకు వచ్చి ఉంటుంది. చచ్చిందంటే ఆ వరస అంతా నీ చేతుల్లో ఆగిపోయిందని అర్థం. రాగ్నాకు తన తర్వాత దాన్ని ఇవ్వడానికి పిల్లలెవరూ లేరు. లోయ అంతా ఆమె దగ్గర ఈస్టు పట్టుకెళ్తుంది కాబట్టి అది బతుకుతోంది. ఆమె ఈ మాట ఎవరితోనూ అనలేదు కానీ, ఏడాదిలో తన గుమ్మం తొక్కేవాళ్ళలో సగం మంది దాని కోసమే వస్తారని ఆమెకు తెలుసు.

అంతలో షూర్ బండి దిగాడు. లోయలో అందరికన్నా పెద్దవాడు, నోటికి అదుపు లేనివాడు. కోటు జేబులోంచి చిన్న సీసా తీసి ఆమె ముందు అరుగు మీద పెట్టాడు. అది ఆమెదే. క్రిస్మస్ బీరు కోసమని వారం కింద పట్టుకెళ్ళాడు. కట్టిన గుడ్డ కూడా విప్పలేదు.

"ఏమీ అనుకోకు రాగ్నా. నీ ఈస్టు కూడా హల్వోర్‌తోనే పోయిందంటున్నారు. నాకున్నది కాసింత బార్లీ. దాన్ని పందులపాలు చేస్తే నా ముసల్ది నన్ను పందుల దొడ్లో పడుకోబెడుతుంది."

"మంచిదేగా, తోడుంటాయి," అంది గూరో.

షూర్ నవ్వాడు. రాగ్నా సీసా అందుకుని ఏప్రన్ జేబులో వేసుకుంది. గాజు చల్లగా తొడకు తగిలింది.

ఐలెవ్ వచ్చింది అప్పుడే. ఎవరినీ పలకరించలేదు. క్యాను పైకెత్తుతుంటే అతని కుడిచేతి చిటికెన వేలి మీద నీటి బొబ్బ కనిపించింది, బఠాణీ గింజంత. ఇనుప పిడి దాని మీద ఒరుసుకుని బొబ్బ చిట్లింది. అతను చేతికేసి చూసుకోనైనా లేదు. రాగ్నా చూసింది కానీ పట్టించుకోలేదు. అప్పుడామె అతని ముఖం తన వైపు తిరుగుతుందేమోనని చూస్తోంది. తిరగలేదు.

"రేపు మళ్ళీ కాస్తున్నాడట," గూరో గొంతు తగ్గించి చెప్పింది. "క్రిస్మస్‌కని దాచిన మాల్టు. అదొక్కటే మిగిలింది. అది కూడా పోతే హల్వోర్‌ని కాఫీతో సాగనంపాలి."

"ఈస్టు?"

గూరో లారీ వచ్చే దారి వైపు చూసింది. "కొట్లోంచి తెచ్చుకున్నాడు. రొట్టెల్లో వేసే పొట్లం."

ఇంటికొచ్చాక రాగ్నా ముందు తనని తానే అనుమానించింది. ఒంటరిగా ఉండేవాళ్ళకు అదొక అలవాటు. గొడవ పడటానికి ఎదురుగా మనిషి లేకపోతే మనసు తన మీదకే తిరుగుతుంది. వేసవిలో సీసాలు కడిగిన రోజు గుర్తు చేసుకుంది. సున్నపు నీళ్ళు వాడిందా? వాడి, సరిగా తొలిచిందా? నేలమాళిగలో చెమ్మ ఎక్కువైందా? ఎలుక ఏదైనా మూతి పెట్టిందా? తలుచుకున్న కొద్దీ ప్రతిదీ జరిగిందేమో అనిపించింది. ఐలెవ్‌కు సీసా ఇచ్చేటప్పుడు దాని వాసన చూశానా లేదా అన్నది ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు.

చివరికి ఆలోచించడం మాని లేచింది. మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ మాల్టు గుప్పెడు దంచి, వేడినీళ్ళలో నానబెట్టి, వడకట్టింది. ఆ తియ్యటి రసాన్ని మరిగించి గిన్నెలో చల్లార్చింది. మోచెయ్యి గిన్నె అంచుకు ఆనించి, అప్పుడే పితికిన పాలంత వెచ్చదనం వచ్చేదాకా ఆగింది. షూర్ తిరిగిచ్చిన సీసాలోంచి ఒక చెంచా ఈస్టు వేసింది. కేక వెయ్యబోయి, గిన్నెడు రసానికి ఎందుకులే అని ఊరుకుంది. మళ్ళీ మనసొప్పక, తలుపు వేసి ఉందని చూసుకుని, చిన్నగా ఒక కేక వేసింది. పిల్లి లేచి అవతలికి పోయింది.

గిన్నె మీద ఉన్ని శాలువా కప్పి, దుంపలు తవ్వడానికి వెళ్ళింది. తవ్వుతున్నంతసేపూ వెనక్కి తిరిగి చూడకూడదని పట్టుదలగా తవ్వింది. చీకటి పడేవేళకు లోపలికి వచ్చేసరికి శాలువా ఒకచోట తడిసి ఉంది. నురగ గిన్నె దాటి బల్ల మీదికి కారింది. గదంతా నారింజ తొక్క వాసన. ఆ ఈస్టు వాసన అదే.

సంతోషం కలుగుతుందనుకుంది. కలగలేదు. దాని చోట కోపం వచ్చి కూర్చుంది. బతికున్నదాన్ని చచ్చిందన్నాడు.

నురగను వేలితో తీసి నాలిక మీద పెట్టుకుని, బల్ల దగ్గర కూర్చుని ఒక్కొక్కటే విడదీసుకుంటూ వచ్చింది. గాబులో మురికి ఉండి ఉంటే రసం పులిసిపోయేది. పులియలేదు, తేనెలా ఉంది. అంటే దానిలోని తీపిని ఎవరూ ముట్టుకోలేదు. చల్లటి దాంట్లో వేసి ఉంటే ఈస్టు ముడుచుకుని నిద్రపోయేది. కానీ దుప్పట్లు కప్పాడు, పొయ్యి దగ్గరికి జరిపాడు. వెచ్చబడ్డాక లేవాలి కదా. లేవలేదు. అంటే నిద్ర కాదు. ఇంకొక్కటే మిగిలింది. మసిలే రసంలో వేశాడు. వేసీ వెయ్యగానే చంపేశాడు.

నలభై ఏళ్ళుగా బీరు కాస్తున్నవాడు ఆ తప్పు చేస్తాడా? చిన్నపిల్లలు కూడా చెయ్యరు. ఆమె నమ్మలేకపోయింది. కానీ మరో దారి లేదు. ఆ వాక్యం ఆమె నోట్లో తయారైంది: నా ఈస్టు చావలేదు, ఐలెవ్. నువ్వు చంపావు. దాన్ని పైకి అని చూసుకుంది. బాగుంది. మర్నాడు పొద్దున పాలు పితుకుతూ మళ్ళీ అనుకుంది. మధ్యాహ్నం ఈస్టు సీసాను శాలువాలో చుట్టుకుని హేల్లెకు నడుస్తూ, అడుగడుక్కీ అనుకుంది. వాక్యం నోట్లో పంచదార బిళ్ళలా నానుతూ ఉంది. పాల అరుగు దగ్గర అనాలి. షూర్ ఉండగా అనాలి. గూరో కూడా ఉండాలి.

ఈస్టు ఇచ్చినవాళ్ళు బీరు కాచే చోటికి రారు. అది పద్ధతి కాదు. వస్తే నమ్మకం లేదని అర్థం. హేల్లె పెరట్లో ధాన్యపు కొట్టం తలుపుకు చావు గుర్తుగా సూది ఆకుల జూనిపర్ కొమ్మలు కట్టి ఉన్నాయి. దాని ముందు రాగ్నా ఒక క్షణం ఆగి తల వంచింది. ఎదురుగా బీరు కాచే కొట్టం పొగ గొట్టంలోంచి సన్నటి పొగ వస్తోంది.

లోపల ఐలెవ్ ఒక్కడే ఉన్నాడు. రాగి కాగు ఖాళీగా పక్కకు వాలి ఉంది. మరిగిన రసమంతా చెక్క గాబులోకి చేరింది. రసం వడకట్టడానికి పరిచిన జూనిపర్ కొమ్మలు, నానిన బార్లీ పొట్టు మూలన కుప్పగా ఆవిరి కక్కుతున్నాయి. పొడుగాటి కొయ్య గరిటెతో అతను గాబులో రసాన్ని ఎత్తి పోస్తున్నాడు, చల్లారడానికి. కిటికీలో కొట్టు నుంచి తెచ్చిన కాయితం పొట్లం ఉంది.

"ఎందుకొచ్చావు?" అన్నాడు చూడకుండానే.

రాగ్నా సీసా తీసి పొట్లం పక్కన పెట్టింది. గుడ్డ కింద ఈస్టు చిటపటలాడుతోంది. "రెండూ ఇక్కడే ఉన్నాయి. హల్వోర్‌కి ఏది పోస్తావో నువ్వే చూసుకో."

గరిటె ఆగింది. రసం బొట్లు బొట్లుగా గాబులోకి రాలింది. ఐలెవ్ సీసా వంక, పొట్లం వంక చూశాడు. చాలాసేపటికి పొట్లం తీసి చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

"ఇచ్చావుగా. ఇక వెళ్ళు."

"వెళ్తాను. ముందు వెయ్యి."

వాదించడానికి అతనికి ఓపిక ఉన్నట్టు లేదు. గరిటె గోడకు ఆనించాడు. చొక్కా కుడిచెయ్యి పైకి మడిచాడు. వాళ్ళ నాన్న చేసినట్టే, చిటికెన వేలు చాచి, కళ్ళు మూసుకుని, వేడి చూడటానికి రెండో కణుపు దాకా రసంలో ముంచాడు. ఆ కొట్టంలో ఇంతకుముందు ఎంతమంది ఇలా కళ్ళు మూసుకుని నిలబడ్డారో.

రాగ్నా గాబు మీదికి కొంచెం వంగింది. ఆవిరి చెంపకు తగిలింది. మర్యాదగా తగిలే వెచ్చదనం కాదది, ముఖం వెనక్కి లాక్కోవాల్సిన వేడి. ఆమె ఐలెవ్ ముఖంలోకి చూసింది. వేడి తగిలిన మనిషి ఎంత దాచుకున్నా ఎక్కడో ఒకచోట ఏదో కదులుతుంది, కంటి రెప్ప గానీ పెదవి చివర గానీ. ఇతని ముఖంలో ఏమీ కదల్లేదు. నిద్రపోతున్నవాడి ముఖంలా ఉంది. వేలు బయటికొచ్చింది. మునిగినంత మేర ఎర్రగా కమిలి ఉంది. పాత బొబ్బ చోట చర్మం లేచిపోయింది. తక్కిన వేళ్ళు మాత్రం కొవ్వొత్తుల్లా తెల్లగా ఉన్నాయి.

"సరిపోయింది," అన్నాడు ఐలెవ్. "ఇలా ఇవ్వు."

అప్పుడామెకు అన్నీ ఒకేసారి కనిపించాయి. అరుగు మీద చిట్లిన బొబ్బ. చలికాలాల్లో ఇతను జలవిద్యుత్తు సొరంగాల్లో రాతిని తొలిచే యంత్రం పట్టుకుని పనిచేసిన సంగతి. ఆ పనికి పోయినవాళ్ళ వేళ్ళు చలికి తెల్లబడి మొద్దుబారతాయని అందరూ అనుకునే మాట. అతని చేతులకు వేడి తెలియడం లేదు.

సీసా ఆమె చేతిలో ఉంది. ఇవ్వలేదు.

అదే సమయానికి గుమ్మంలో వెలుతురు తగ్గింది. షూర్ తల లోపలికి పెట్టాడు.

"కేక ఇంకా వినపడలేదేంటా అని వచ్చా. ఓహో, ఈస్టు దొరసాని కూడా ఇక్కడే ఉందే! మంచి పనే. ఐలెవ్, ఆవిడ కళ్ళ ముందే వెయ్యి. మళ్ళీ చస్తే సాక్ష్యానికి నేనున్నా."

రాగ్నా నోట్లో వాక్యం సిద్ధంగా ఉంది. అది కూడా అక్కర్లేదు. షూర్, నీ వేలు ఒకసారి ముంచి చూడు, అంటే చాలు. షూర్ ముంచుతాడు, ఎగిరి గంతేస్తాడు, బూతులు తిడతాడు. రేపు పొద్దున పాల లారీ వచ్చేలోపు లోయ అంతటికీ తెలిసిపోతుంది. నోరు తెరిచింది కూడా. అప్పుడే ఐలెవ్ కుడిచెయ్యి నెమ్మదిగా వెనక్కి వెళ్ళడం కనిపించింది. ఏదో విరగ్గొట్టిన పిల్లవాడు చేతులు వెనక దాచుకున్నట్టు దాచుకున్నాడు. అతని కళ్ళు ఆమె మీదే ఉన్నాయి. ఆమె చూసిందని అతనికి తెలిసింది. అతనికి తెలిసిందని ఆమెకీ తెలిసింది.

రాగ్నా బోర్లించిన బకెట్టు మీద కూర్చుని, సీసాను ఒళ్ళో పెట్టుకుని శాలువా కప్పింది.

"ఈస్టు ఇంకా చల్లగా ఉంది. ఒళ్ళో కాస్త వెచ్చబడాలి."

షూర్ విరగబడి నవ్వాడు. "ఇదెక్కడి చోద్యం! నిద్రపుచ్చుతున్నావా, లేపుతున్నావా?"

"లేపుతున్నా. నువ్వు నోరు మూస్తే తొందరగా లేస్తుంది."

"మా ముసల్ది కూడా ఇంతే. ఎవరూ లేవకపోయినా నాదే తప్పంటుంది." షూర్ గుమ్మానికి ఆనుకుని ఇంకాసేపు నిలబడ్డాడు. ఎవరూ మాట్లాడకపోయేసరికి, "సరే, గొర్రెలు కొండ దిగే వేళయింది," అని టోపీ సర్దుకుని వెళ్ళిపోయాడు.

అతని అడుగుల చప్పుడు రాళ్ళ మీద దూరమైంది. గాబు మీంచి ఆవిరి నిటారుగా లేస్తోంది. ఐలెవ్ చెయ్యి ఇంకా వెనకే ఉంది.

"ఈస్టుని ఒళ్ళో పెట్టుకునే పద్ధతేమీ లేదు," అన్నాడు.

"లేదు."

ఐలెవ్ కట్టెల మొద్దు మీద కూర్చున్నాడు. ఏం చెయ్యాలో తోచక గరిటె అందుకుని గుడ్డతో తుడవసాగాడు. తుడిచిన చోటే తుడుస్తున్నాడు. రాగ్నా తొందర పెట్టలేదు. ఒంటరి ఇళ్ళలో ఉండేవాళ్ళకు మౌనాన్ని ఎంతసేపైనా మొయ్యడం వచ్చు.

"వేలు ముంచేది నేనే," అన్నాడు చివరికి. "ఎప్పుడూ నేనే. పెద్దవాణ్ణి కదా. వాడు పక్కన నిలబడి గాబు అంచున గరిటె కడుగుతూ ఉండేవాడు. నేను సరిపోయిందనేవాణ్ణి. వాడు అప్పుడే ఏమీ అనేవాడు కాదు. కట్టెలు సర్దేవాడు. ఆవుని చూసొస్తా అని వెళ్ళేవాడు. కాఫీ తెచ్చేవాడు. నాకు విసుగొచ్చేది. ఆ తర్వాత ఎప్పుడో, 'అన్నయ్యా, ఇక కేక వేద్దామా' అనేవాడు. అంతే."

"ఎన్నాళ్ళ నుంచి?"

"సొరంగం పని మానేసినప్పటి నుంచి. నేను వాడికి చెప్పలేదు. వాడూ అడగలేదు." అతను గరిటె తుడవడం ఆపాడు. "వాడికి తెలియదనే అనుకున్నా. మొన్న గాబు చచ్చేదాకా అలాగే అనుకున్నా."

రాగ్నా శాలువా కింద సీసాను అటు తిప్పి పెట్టుకుంది. "అయితే నీకు మొన్నే తెలుసన్నమాట. నా ఈస్టు తప్పు కాదని."

ఐలెవ్ తల ఎత్తలేదు. "నిన్న పొద్దున అరుగు దగ్గర నిన్ను చూసినప్పుడు తెలుసు. దానికి ముందు... నాకు నేనే తెలియనివ్వలేదు."

ఆ మాట ఆమెకు అర్థమైంది. అర్థం కాకపోతే బాగుండుననిపించింది. తప్పు ఈస్టుది కాకపోతే చేతిది. చేతిదే అయితే, ఇన్నేళ్ళూ ఆ చెయ్యి పనిని మరొకరు చేశారు. ఆ మరొకరు ఎదురుగా ధాన్యపు కొట్టంలో ఉన్నాడు. ఈస్టు చచ్చిందనుకోవడమే అన్నిటికన్నా తేలిక.

"మోచెయ్యి పెట్టి చూసుకోవచ్చుగా," అంది. "మోచేతికి తెలుస్తుంది కదా."

"మోచెయ్యా?" అతను నిజంగానే నొచ్చుకున్నాడు. "అది పసిపిల్లల స్నానం నీళ్ళకి. ఈ కొట్టంలో వేలే." అని, తన మాట తనకే వినపడినట్టు ఆగాడు. నోటి చివర నవ్వులాంటిదేదో వచ్చి పోయింది. తర్వాత గరిటె గోడకు ఆనించి, గాబు పక్కనుంచి ఒక అడుగు వెనక్కి జరిగాడు.

"నువ్వు చూడు," అన్నాడు.

రాగ్నా చొక్కా చెయ్యి మోచేయి పైదాకా ఎగదోసింది. గాబులో ఆనించి వెంటనే తీసేసింది. "ఇంకా." అతను గరిటె అందుకుని రసాన్ని ఎత్తి పోయసాగాడు. ఆమె పక్కన నిలబడింది. పోసిన ప్రతిసారీ ఆవిరి కాస్త పల్చబడుతోంది. జూనిపర్ వాసన, పొగ, తడి కొయ్య. మళ్ళీ మోచెయ్యి పెట్టింది. "ఇంకా కొంచెం." కిటికీలో కొండ నీడ సరస్సు సగం దాటింది. ఐలెవ్ ఇంట్లోకి వెళ్ళి కాఫీ, పల్చటి రొట్టె మీద గోధుమరంగు జున్ను తెచ్చాడు. నిలబడే తిన్నారు. ఆమె మూడోసారి మోచెయ్యి ముంచింది. ఈసారి తియ్యలేదు. పొద్దున పొదుగు కింద చేతి మీద పడ్డ పాల ధార ఇలాగే ఉంది. చర్మం ఎక్కడ ఆగిందో, రసం ఎక్కడ మొదలైందో తెలియలేదు.

"ఇక కేక వేద్దామా," అంది.

ఆ మాట ఎవరిదో, తన నోటి నుంచి వచ్చాక ఆమెకు తట్టింది. ఐలెవ్ ఆమె వంక చూడలేదు. తల మాత్రం ఊపాడు. ఆమె సీసా గుడ్డ విప్పి వంచింది. చిక్కటి, బూడిదరంగు ఈస్టు రసంలోకి జారింది. అతను ఊపిరి పీల్చాడు. తన కొట్టంలో ఏళ్ళ తరబడి ఒక్కతే వేసే కేక ఆమెది. పక్కన మరో గొంతు ఉంటే ఎంత ఎత్తుకోవాలో తెలియలేదు. అతనిది బొంగురుగా లేచింది. ఆమెది మధ్యలో తప్పిపోయి, మళ్ళీ అందుకుని, చివర కాస్త పైకి లేచింది. రెండూ తలుపులోంచి బయటపడి, ధాన్యపు కొట్టం మీదుగా, సరస్సు మీదికి వెళ్ళాయి.

ఖననానికి ముందు రోజు, శుక్రవారం సాయంత్రం, గాబులోంచి బీరు పీపాల్లోకి మార్చే వేళకు లోయలోని వాళ్ళంతా హేల్లెకు వచ్చారు. రుచి చూడటానికి పిలవక్కర్లేదు. రాగ్నా గాబులోకి తొంగి చూడలేదు. చూడక్కర్లేదు. గుమ్మం దగ్గరే నారింజ తొక్క వాసన తగిలింది.

గూరో ఆమె పక్కన చేరి చెవిలో ఊదింది. "ఆ కేకలో ఆడగొంతు ఎవరిదని మా ఇంట్లో పందెం కాశారు. నేను నీదన్నా. మా ఆయన మేకదన్నాడు."

"ఎవరు గెలిచారు?"

"ఇంకా తేలలేదు."

కొయ్య గిన్నె ముందు పెద్దవాడైన షూర్ చేతికి వెళ్ళింది. అతను నురగ ఊది, తాగి, నాలిక అంగిట్లో ఆడించి, మళ్ళీ తాగాడు. ఏదో ఒక వంక పెట్టాలని వెతుకుతున్నట్టు కనిపించింది. దొరకలేదు. మీసాలు తుడుచుకుని, ఆ లోయలో మొదటి గిన్నె తాగినవాడు అడగాల్సిన ప్రశ్న అడిగాడు.

"ఈస్టు ఏ ఇంటిది?"

"బ్రెక్కె ఈస్టు," అన్నాడు ఐలెవ్.

"అయితే ఈసారి బతికిందన్నమాట."

ఇద్దరు ముగ్గురు నవ్వారు. ప్రశ్న అయిపోయింది, జవాబు అయిపోయింది. గిన్నె పక్కవాడికి వెళ్ళాలి. ఐలెవ్ గిన్నె అందుకున్నాడు కానీ పక్కవాడికి ఇవ్వలేదు. దాన్ని పీపా మీద పెట్టి, ఖాళీ చేతులు రెండూ దాని పక్కన పరిచాడు. దీపం వెలుతురులో వేళ్ళు తెల్లగా ఉన్నాయి, ఒకటి తప్ప. దానికి గుడ్డ చుట్టి ఉంది.

"మొదటిసారి కూడా బతికే వచ్చింది," అన్నాడు. "ఈస్టు చావలేదు. నేను చంపాను. ఈ చేతులకి వేడి తెలియదు."

రాగ్నా నేలకేసి చూసింది. అది తన వాక్యమే, ఇంచుమించు అక్షరం పొల్లు పోకుండా. నోట్లో నానినన్నాళ్ళూ తియ్యగా ఉండింది. ఇప్పుడు బయట, అందరి మధ్యా నిలబడితే, ఎవరైనా దాని మీద ఒక కోటు కప్పితే బాగుండుననిపించింది.

"మరి ఇన్నేళ్ళూ?" గూరో ఉండబట్టలేక అడిగింది.

ఐలెవ్ తెరిచి ఉన్న తలుపులోంచి పెరట్లోకి చూశాడు. "ఇన్నేళ్ళూ తెలిసినవాడు ఉండేవాడు."

షూర్ గిన్నె తీసుకుని మళ్ళీ ఒక గుక్క తాగి, ఈసారి తనే పక్కవాడికి అందించాడు. మాటలు నెమ్మదిగా మొదలయ్యాయి. ఎవరో హల్వోర్ పడవ బోల్తా కొట్టిన సంగతి ఎత్తారు. ఎవరో నవ్వారు. రెండో గిన్నె తిరిగేసరికి షూర్ రాగ్నా దగ్గరికి జరిగి గొంతు సవరించుకున్నాడు.

"ఆ సీసా... పారబోశావా?"

"పారబోశా. గిన్నెలోకి. బల్ల కూడా తడిసింది."

"క్రిస్మస్‌కి కొంచెం..."

"ముందు నీ వేలు చూపించు," అంది రాగ్నా. చుట్టూ ఉన్నవాళ్ళు గొల్లుమన్నారు. షూర్ బుద్ధిగా చిటికెన వేలు చాచాడు. ఐలెవ్ కూడా నవ్వాడు. మొదట ఆగి, తర్వాత.

అందరూ వెళ్ళకముందే ఆమె లేచింది, పాలు పితికే వేళ దాటుతోందని. ఐలెవ్ ఆమెతో పాటు పెరటి గేటు దాకా వచ్చాడు. చేతిలో కొయ్యముక్కలు గొలుసుగా అల్లిన కడియం ఉంది. దాన్ని గాబు నురగలో ముంచి తెచ్చాడు. ఆరబెట్టి దూలానికి వేలాడదీస్తే ఏడాది పాటు ఈస్టు దానిలో దాగి ఉంటుంది. తీసుకున్నవాళ్ళు తిరిగి ఇవ్వడం పద్ధతి. కడియం ఇంకా కారుతోంది. రాగ్నా ఏప్రన్ అంచులో పట్టుకుంది.

"నీది నీకు ఇచ్చేశాను," అన్నాడు.

"ఊఁ."

"నా దగ్గర కూడా ఒకటి ఉంచుకున్నా." టోపీ తీసి, అందులోకి చూసి, మళ్ళీ పెట్టుకున్నాడు. "క్రిస్మస్‌కి కాస్త కాస్తాను. షూర్ మాల్టు ఇస్తానన్నాడు. ఒక్కడికి ఎంత కావాలి. కొంచెమే."

"ఈస్టు ఉందిగా మరి."

"ఈస్టు ఉంది," అన్నాడు ఐలెవ్.

గేటు గొళ్ళెం మీద అతని చెయ్యి అలాగే ఉంది. రాత్రి మంచుకు ఇనుము తెల్లబడింది. ఆమెకైతే అంత చల్లటి ఇనుము మీద క్షణం కూడా చెయ్యి ఆగదు. అతను ఎంతసేపు పట్టుకున్నాడో అతనికి తెలియదు. రాగ్నా ఆ చేతిని గొళ్ళెం మీంచి తీసి పక్కన పెట్టి, గేటు తనే తెరుచుకుంది.

"క్రిస్మస్‌కి కాచడానికి గాబు కడిగిన రోజు చెప్పు. పొద్దున పాలు పితకగానే వస్తాను," అంది.

కొండవాలు ఎక్కుతూ ఏప్రన్ కింద కడియం తడి తొడకు తగులుతుంటే, ఆమె ఒక్కసారి కూడా వెనక్కి చూడలేదు. కొట్టంలో ఆవులు అప్పటికే అరుస్తున్నాయి.